బెయిలొచ్చింది గానీ ఏరు దాటకూడదు

మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. కోర్టు రోడ్డులో మా అన్నయ్యా నేనూ ఓ జిరాక్స్ షాపు నడుపుతున్నాం. జిరాక్స్ అనేది పేరుకే, ఆధార్ లింకులు, పాన్ కార్డులు, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి డబ్బులిచ్చే సుభద్ర పథకం ఫారాలు, ప్లీడరు గుమస్తాలు తెచ్చే పిటిషన్ల టైపింగు అన్నీ మా దగ్గరే అవుతాయి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చే తెలుగువాళ్ళు మాట్లాడ్డానికి ఒడియా బానే మాట్లాడతారు గానీ ఒడియాలో రాసిన ఫారం చేతికిస్తే మాత్రం గాభరా పడిపోయి నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చేస్తారు. అలా వచ్చే పనుల్లో ఈ మధ్య బాగా పెరిగింది ఇ-ములాఖత్ బుకింగు. జైల్లో ఉన్న మనిషిని చూడ్డానికి ఆన్‌లైన్లో తేదీ తీసుకోవడం అన్నమాట. ఏ రాష్ట్రం, ఏ జైలు, ఖైదీ పేరు, తండ్రి పేరు, వచ్చేవాళ్ళు ఏమవుతారు, వాళ్ళ ఆధార్ నెంబరు ఇవన్నీ కొట్టాలి.

ఆ "ఏమవుతారు" అనే గడిలో నేను కొట్టేది దాదాపు ఎప్పుడూ ఒకటే, భార్య, లేకపోతే తల్లి. చంకలో పిల్లాడు, చేతిలో బిస్కెట్ల కవరు, ఫోన్లో చార్జింగు ఉండదు, ఓటీపీ రాదు, అయినా వస్తారు. మొగుడు తాగి కొట్టినవాడైనా వస్తారు, వేరే ఆడమనిషి గొడవలో లోపలికెళ్ళినవాడైనా వస్తారు. మరి ఆడఖైదీ కోసం వచ్చి "భర్త" అని కొట్టించుకున్న మగాడు? నా టేబుల్ దగ్గరికి మాత్రం ఒక్కడూ రాలేదు. తమ్ముడో, ముసలి తల్లో వస్తారు, అదీ మొదట్లో, తరవాత వాళ్ళూ మానేస్తారు.

ఎందుకు మానేస్తారు అంటే దూరం కూడా ఒక కారణం, అది నిజమే. దేశం మొత్తం మీద జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి నలుగురే, 2022 చివరికి లెక్క 23,772 మంది. తక్కువమంది కాబట్టి వాళ్ళకని విడిగా జైళ్ళు కూడా తక్కువే. ఒడిశాలో ఆడవాళ్ళకే అని ఉన్న నారీ బందీ నికేతన్ సంబల్‌పూర్లో ఉంది, ఇక్కణ్ణుంచి ఒక రాత్రంతా బస్సులో కూచోవాలి. మిగతా చోట్ల మగవాళ్ళ జైల్లోనే ఓ మూల గోడ కట్టి ఆడవాళ్ళ వార్డు అంటారు. కానీ దూరమే కారణం అయితే మగఖైదీల పెళ్ళాలకి కూడా అదే దూరం కదా, వాళ్ళు అప్పు చేసైనా వెళ్తున్నారుగా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మూడు వారాలుగా ఒక పిటిషన్ గొడవలో ఉన్నాను. ఒకావిడ కోసం. పేరు రాయను, షాపులో మేమంతా అప్ప అంటాం, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అత్తారిల్లు ఇటు ఒడిశాలో, పుట్టిల్లు అటు ఆంధ్రాలో పాతపట్నం అవతల ఓ పల్లె. ఇక్కడ ఇది మామూలే, 1936లో ఒడిశా రాష్ట్రం కట్టినప్పుడు గీత ఎక్కడ గీశారో గానీ పెళ్ళిళ్ళకీ చావులకీ ఆ గీత ఎప్పుడూ అడ్డు రాలేదు. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రా, మధ్యాహ్నం వెళ్ళి నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి వంట చేసుకునేవాళ్ళు ఎంతమందో.

అప్ప 2021లో బస్సులో దొరికింది, గంజాయి సంచితో. మోహన అనే ఊరి వైపు నుంచి దిగే సరుకు, ఎవడో రైలు స్టేషన్ దాకా సంచి చేర్చమన్నాడు, వెయ్యి రూపాయలిస్తానన్నాడు, మొగుడే మాట్లాడి పంపించాడు. "సంచిలో ఏటుందో నాకు తెల్దని సెప్తే అబద్దమే అవుద్ది, వాసనొస్తాది కదమ్మా, కానీ ఆడు ఎల్లమన్నాడు, నానెల్లినాను" అంది నాతో. ఆ మాట నాకు నచ్చింది, చాలామంది మాకేం తెలీదు అంటారు, ఆవిడ అనలేదు. చంకలో పిల్లాడుంటే చెక్ చెయ్యరని మూడేళ్ళ కొడుకుని కూడా తీసుకెళ్ళమన్నాడట ఆ మహానుభావుడు. చెక్ చేశారు. ఇరవై నాలుగు కిలోలు.

ఇక్కడ ఆ కిలోల సంగతి చెప్పాలి, ఎందుకంటే సంచి మోసే ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా ఇది తెలీదు. గంజాయికి చట్టంలో మూడు మెట్లున్నాయి, కిలో లోపు చిన్న లెక్క, ఇరవై కిలోలు దాటితే వ్యాపారం లెక్క, మధ్యలోది మధ్యలోది. ఇరవై దాటిందంటే శిక్ష పదేళ్ళ దగ్గర మొదలవుతుంది, ఇరవై ఏళ్ళ దాకా ఉంటుంది, లక్షకి తగ్గకుండా జరిమానా. అంతకంటే ఘోరం బెయిల్ సంగతి, 37వ సెక్షన్ అని ఉంది, ఈ మనిషి నేరం చెయ్యలేదనుకోడానికి తగిన ఆధారం ఉందని, బయటికొస్తే మళ్ళీ అలాంటి పని చెయ్యదని జడ్జిగారికి నమ్మకం కుదిరితే గానీ బెయిల్ ఇవ్వకూడదు. సంచి చేతిలో దొరికిన మనిషికి అది ఎలా కుదురుతుంది? సరుకు పండించినవాడూ, కొన్నవాడూ కాగితాల్లో ఎక్కడా ఉండడు. మోసినావిడ ఒక్కతే ఉంటుంది, సాక్ష్యం ఒళ్ళో పెట్టుకుని. అంత బరువు అని తూచి ఇచ్చినవాడికి ఆ ఇరవై గీత తెలుసో లేదో గానీ ఆవిడకి తెలీదు.

పిల్లాడు ఆవిడతోపాటే లోపలికెళ్ళాడు. ఆరేళ్ళు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండొచ్చు అని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, అది ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన కేసులోనే వచ్చింది. పాలు, తిండి, టీకాలు, క్రెష్ ఎలా ఉండాలో అన్నీ అందులో రాశారు, జైల్లో పుడితే బర్త్ సర్టిఫికెట్లో జైలు అని రాయకూడదని కూడా రాశారు. 2022 చివరికి దేశంలో ఇలా తల్లులతో జైల్లో ఉన్న పిల్లలు 1,764 మంది. ఆరేళ్ళు నిండగానే ఈ పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గరికి పంపించేశారు. నేను వాణ్ణి షాపులో చూశాను, ఆధార్ కోసం తీసుకొచ్చారు. చలాకీ పిల్లాడే, ఒడియా గడగడా మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు, అక్కడ వార్డులో అంతా ఒడియానే కదా. ఇంట్లో వాడు చేసే పని ఒకటుందట, సాయంత్రం ఇంకా ఎండుండగానే ఆడుతున్న ఆట వదిలేసి లోపలికొచ్చి గోడవారన నిలబడతాడు, లెక్కపెట్టమని. అమ్మమ్మ మొదట్లో అర్థంకాక తిట్టేదట. ఇప్పుడు "ఒకటి" అంటుంది, అప్పుడు మళ్ళీ ఆటకి పోతాడు. పెద్దది ఆడపిల్ల, అది మాత్రం తల్లితో సరిగా మాట్లాడదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బెయిల్ 2024లో కటక్ హైకోర్టు నుంచి వచ్చింది. ఏళ్ళ తరబడి విచారణ తెమలకపోతే 37వ సెక్షన్ ఉన్నా సరే బెయిల్ ఇవ్వొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, అందులో ఒక తీర్పు ఒడిశా గంజాయి కేసులోనే వచ్చింది, మూడున్నరేళ్ళు దాటిన మనిషికి. అది పట్టుకునే లీగల్ ఎయిడ్ ప్లీడరమ్మ లాగించింది. అందరూ లీగల్ ఎయిడ్ ప్లీడర్లని తీసిపడేస్తారు గానీ అన్ని చేతులూ ఒకలా ఉండవు, ఈమె మాత్రం గట్టిది. అన్నట్టు ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ప్లీడర్ని ఉచితంగా పెట్టాలి, 1987 చట్టంలోనే ఉంది, చాలామందికి తెల్లకార్డు ఉంటేనే ఇస్తారనే అపోహ ఉంది.

సరే బెయిలొచ్చింది కదా అని వెంటనే వచ్చేస్తారనుకునేరు. జామీను ఉండాలి. ఇద్దరు, లోకల్ వాళ్ళు, భూమి పట్టా, ఖజానా రసీదు, అంటే శిస్తు రసీదు, పట్టుకుని రావాలి. అప్ప పేరు మీద సెంటు భూమి లేదు. మొగుడి వైపు భూమి ఉంది గానీ ఎవడూ కదలలేదు, మామగారు ఉన్నాడు ఆయనకి చెవుడొచ్చేసింది హఠాత్తుగా. ఇద్దరు యారాళ్ళూ, అంటే తోడికోడళ్ళు, మంచివాళ్ళే, ఒకామె నా దగ్గరికొచ్చి ఏడ్చింది కూడా, కానీ వాళ్ళ పేర్ల మీద మాత్రం ఏముంది గనక? చివరికి పాతపట్నం వైపునుంచి అప్ప తమ్ముడు, మేనమామ కొడుకు తమ పట్టాదారు పాస్‌బుక్కులు, 1బి కాగితాలు పట్టుకుని వచ్చారు. తెలుగులో ఉన్నాయి, పక్క రాష్ట్రం, మేమెలా చూసుకోవాలి, కుదరదు అన్నారు. ఏరుకి అటుపక్క ఉన్న ఎకరం ఎకరం కాదన్నమాట.

అప్పుడు ప్లీడరమ్మ ఇంకో పిటిషన్ వేసింది, అది నేనే టైప్ చేశాను కాబట్టి ప్రతి లైనూ గుర్తుంది. 1978లో మోతీరామ్ అని మధ్యప్రదేశ్ మేస్త్రీ కేసు. ఆయనకి బెయిలిచ్చి పదివేల జామీను అడిగారు, తమ్ముడో అన్నో వస్తే నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది చెల్లదు పొమ్మన్నారు. అది సుప్రీంకోర్టుకి వెళ్తే జస్టిస్ కృష్ణయ్యర్ గారు మామూలుగా కడగలేదు, ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో బస్తర్లోనో పోర్ట్‌బ్లెయిర్లోనో పట్టుబడితే అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడు అని అడిగారు. తెలుగువాడు అని చదివి టైపింగ్ ఆపి మా అన్నయ్యకి కూడా చదివి వినిపించాను. నలభై ఏళ్ళు దాటిపోయింది ఆ మాట చెప్పి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది, లోకల్ జామీనే కావాలని పట్టుబట్టడం వల్లే విడుదల ఆలస్యమవుతోంది, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టొద్దు అని. అయినా ఇక్కడ మేము మళ్ళీ టైప్ చేస్తూనే ఉన్నాం. మొత్తానికి తమ్ముడి కాగితాలు ఒప్పుకున్నారు, కానీ బెయిల్ ఆర్డరుకీ గేటు తెరుచుకోడానికీ మధ్య పండగలు రెండు వెళ్ళిపోయాయి.

మధ్యలో ఎవరో పేద ఖైదీలకి కేంద్రం డబ్బులిస్తుంది కదా అన్నారు. 2023లో వచ్చింది ఆ స్కీము, వచ్చినప్పుడు బెయిల్ డబ్బు కట్టలేనివాళ్ళకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షపడ్డవాళ్ళకి 25,000 దాకా అని పెట్టారు. చాలా ఆశగా చూశాను. గంజాయి కేసులకి వర్తించదు అని అందులోనే రాసుంది. మా వైపు లోపలున్న పేద ఆడవాళ్ళు ఎక్కువమంది ఏ కేసుల్లో ఉంటారో ఆ కేసే మినహాయింపు.

ఇక ఇంటి సంగతి. గేటు దగ్గరికి తమ్ముడొచ్చాడు. బెయిల్ కాగితంలో అడ్రసు అత్తారిల్లు కాబట్టి అక్కడికే వెళ్ళాలి. వెళ్తే మొగుడి ఇంట్లో ఇంకొకావిడ ఉంది, ఆవిడకి ఏడాది పిల్ల. ఇది అందరికీ తెలుసు, అప్పకి తప్ప. అప్ప గొడవ పెట్టుకోలేదట, అరుగు మీద కూచుని నీళ్ళడిగిందట, ఆ రెండో ఆవిడే తెచ్చిచ్చిందట. మొగుడు వచ్చి ఇక్కడ కుదరదు అన్నాడు. తరవాత పెద్ద యారాలు తన వంటింటి పక్కన చాపేసుకోమంది, ఇప్పటికీ అక్కడే ఉంటోంది.

నాకు అసలు మండింది రేషన్ కార్డు దగ్గర. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చినప్పుడు కార్డు ఇంట్లో పెద్ద ఆడమనిషి పేరు మీదే ఉండాలని పెట్టారు కదా, పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళలో పెద్దావిడ ఇంటి యజమానురాలు అన్నమాట. అత్తగారు పోయాక ఆ కార్డు అప్ప పేరు మీదికొచ్చింది. ఆవిడ జీవితంలో ఆవిడ పేరు పైన రాసి ఉన్న ఒకే ఒక్క కాగితం అది. లోపలికెళ్ళిన మరుసటి ఏడాదే ఈ మహానుభావుడు వెళ్ళి ఆవిడ పేరు తీయించేశాడు. ఊళ్ళో లేదు, ఎక్కడికో వెళ్ళిపోయింది అని చెప్పాడట. రెండో ఆవిడ పేరు యజమానురాలిగా ఎక్కింది. కార్డులో పేరు లేదు కాబట్టి బియ్యం లేవు, కార్డు లేదు కాబట్టి ఏడాదికి పదివేలొచ్చే సుభద్ర డబ్బులకి కూడా విడిగా ఆదాయం కాగితం తెచ్చుకోవాలి. బ్యాంకు ఖాతా చూస్తే రెండేళ్ళు దాటి లావాదేవీ లేదని పనిచెయ్యట్లేదు, మళ్ళీ కెవైసి చెయ్యాలి, దానికి ఫోన్ నెంబరు కావాలి, ఆధార్‌కి లింకైన నెంబరు మొగుడిది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. వేలిముద్ర పెట్టించి నెంబరు మార్పించి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చాం. ఆఫీసులో ఒకాయన ఇన్నాళ్ళు ఎక్కడున్నావు అనడిగాడు. అప్ప "జైల్లో ఉన్నాను బావూ" అంది మామూలుగా, క్యూలో ఉన్నవాళ్ళంతా ఓ అడుగు వెనక్కేశారు, మాకు మాత్రం పని తొందరగా అయింది.

ఊళ్ళో ఇంకో ఆవిడ కథ చెప్తాను, అప్పుడు నేననేది అర్థమవుతుంది. అరవై దాటిన మనిషి, కోడలు చచ్చిపోతే వరకట్నం చావు కేసులో వెళ్ళింది. కోడలికి ఏం జరిగిందో దేవుడికెరుక, ఊరు మాత్రం అప్పుడు ఈవిణ్ణి దుమ్మెత్తి పోసింది. ఆవిడ బెయిల్ మీద వచ్చిన రోజు ఇంటి నిండా జనం, కొడుకు కారు మాట్లాడి తీసుకొచ్చాడు, చెరువు గట్టు దాకా ఎదురెళ్ళారు, పక్కింటివాళ్ళు కాఫీ ఫ్లాస్కు తెచ్చారు. ఏమిటి తేడా అని చాలాసార్లు అనుకున్నాను. కేసు చూస్తే ఈవిడదే పెద్దది, ఒక పిల్ల ప్రాణం పోయింది. కానీ ఆ డాబా ఈవిడ పేరు మీద ఉంది, దాని వెనక జీడితోట ఈవిడ పేరు మీద ఉంది. జామీను ఇచ్చినవాళ్ళు కూడా ఆ తోట కౌలు చేసేవాళ్ళే. ఊళ్ళో వాళ్ళు పరువు, పరువు అంటారు, ఆ పరువు కూడా పట్టాలో ఎవరి పేరుంటే వాళ్ళదే.

అప్పకి మాత్రం కులపెద్దలు తప్పు వేశారు. పదివేలు, పైన కులం వాళ్ళకి ఓ పూట భోజనం. అప్పటిదాకా ఎవరూ ఆవిడ చేతి నీళ్ళు తాగకూడదు, శుభకార్యానికి పిలవకూడదు. "జైలు కూడు తిన్నాది, ఎవులెవులు వండినారో ఏటో" అన్నాడట ఒక పెద్దాయన. ఆ పెద్దాయన మనవడు కూడా అలాంటి గంజాయి కేసులోనే వెళ్ళి ఎనిమిది నెలలుండి వచ్చాడు, వాడు తిన్నదీ జైలు కూడే మరి. వాడొచ్చిన ఆదివారం మేకని కోశారు, తప్పూ లేదు గిప్పూ లేదు, ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఇది నేను అన్నయ్యతో అంటే వాడు నవ్వి, మగాడు వెళ్తే కేసులో ఇరుక్కున్నాడు అంటారు, ఆడది వెళ్తే జైలుకెళ్ళింది అంటారు అన్నాడు. మా అన్నయ్య ఎప్పుడో గాని పనికొచ్చే మాట అనడు.

కానీ ఒక విషయంలో ఊరి ఆడవాళ్ళని నేను తప్పు పట్టలేను, అది గ్రూపు. మిషన్ శక్తి అనే ఆడవాళ్ళ పొదుపు గ్రూపులో అప్ప మొదట్నుంచీ సభ్యురాలు, పదిమంది. లోపలికెళ్ళేముందే బ్యాంకులో గ్రూపు లోను తీసుకున్నారు, ఆవిడ వాటా ముప్ఫై వేలు. ఆ డబ్బు కూడా మొగుడు పట్టుకుపోయాడు, అది వేరే కథ. ఆవిడ కట్టే వాయిదా ఆగిపోతే బ్యాంకు గ్రూపంతటికీ లోన్లు ఆపేసింది, మిగతా తొమ్మిదిమంది నెలనెలా తలా కాస్త వేసుకుని తీర్చారు. వాళ్ళూ పొలం కూలికెళ్ళేవాళ్ళే. ఒకామె ముక్కుపుడక తాకట్టు పెట్టింది ఆ నెల. నేను గ్రూపు మీటింగుకి అప్పతో వెళ్ళాను, అందరూ ముభావంగా కూచున్నారు, లెక్కల పుస్తకం మధ్యలో ఉంది. ప్రెసిడెంటు కుండబద్దలు కొట్టింది, "మాకు దీని మీద కోపమేటున్నాదమ్మా, ఇది మంచిదే, బ్యాంకోడు దీని పేరు సూసినాడా, గ్రూపు పేరు సూసినాడు, మా గుంటలకి ఫీజులు కట్టకుండా దీనికి కట్టినాం" అని. అప్ప ఏమీ అనలేదు. కాసేపటికి "ఎంతైంది మొత్తం" అనడిగింది. పుస్తకం తిరగేసి చెప్పారు, వడ్డీ వద్దు అసలు ఇమ్మన్నారు. వారానికి రెండొందలు ఇస్తానంది. ఇద్దరు ఒప్పుకోలేదు, గొణిగారు, మళ్ళీ సంచి మొయ్యదని ఏటి గేరంటీ అన్నారు, ఆ ప్రశ్న జడ్జిగారు అడిగినట్టే ఉంది నాకు. చివరికి ఆవిణ్ణి సభ్యురాలిగా రాయలేదు గానీ బాకీ కట్టేదాకా మీటింగుకి వచ్చి కూచోవచ్చు అని తీర్మానం రాశారు. తీర్మానం కింద అందరి సంతకాలూ, అప్పది కూడా. కులపెద్దల తప్పు కంటే ఇదే నయం, కనీసం దీనికో లెక్కుంది, కడితే తీరుతుంది.

తప్పు డబ్బులు కట్టొద్దని నేను గట్టిగా చెప్పాను, కేసు పెట్టొచ్చు అని కూడా చెప్పాను. అప్ప విని, "కేసు పెడితే మరి నాను ఏ ఊర్లో ఉండాలి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఊరుకున్నాను.

రెండొందలు వారానికి ఎలా సంపాదిస్తుంది అంటే జీడిపిక్కలు. పలాస కాశీబుగ్గ వైపు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి పని ఎప్పుడూ ఉంటుంది, పైపొర ఒలిచే పనికి చెయ్యి తిరిగిన మనిషి ఈవిడ, పెళ్ళికి ముందు అదే పని. తమ్ముడి ఇంట్లో ఉంటే రోజూ వెళ్ళి రావొచ్చు, కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, అన్నీ కలిసొస్తాయి. కానీ బెయిల్ షరతుల్లో ఉంది, కోర్టు అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. ఢిల్లీలో ఉన్నవాడికి రాష్ట్రం దాటకపోవడం అంటే ఒక మాట. మాకు రాష్ట్రం దాటడం అంటే ఏరు దాటడం, ఆటోకి ముప్ఫై రూపాయలు. కన్నకొడుకు ఆ గట్టున, ఈవిడ ఈ గట్టున. ఆదివారాలు అమ్మమ్మే వాణ్ణి తీసుకుని ఇటు వస్తుంది. మధ్యవర్తి ఒకడు పిక్కలు బస్తాల్లో ఇటు తెచ్చి ఇస్తున్నాడు, ఇంటి దగ్గర ఒలిచి ఇస్తే కిలో లెక్కన డబ్బు, ఫ్యాక్టరీలో వచ్చేదాంట్లో సగం కూడా రాదు. పనెక్కడ దొరుకుతుందో అక్కడికి వెళ్ళకూడదు, అప్పు ఎక్కడుందో అక్కడే ఉండాలి.

ఇప్పుడు తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చింది. మేనత్త లేకుండా ఎలా అని తమ్ముడు పట్టుబట్టాడు, జామీను ఇచ్చినవాడు కూడా వాడే కదా. దానికే ఈ పిటిషన్. శుభలేఖ జతచెయ్యాలి, అది తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషులో అనువాదం చేసి ఇవ్వాలి, అనువాదం సరైనదే అని ఒక అఫిడవిట్, ఎక్కడ ఉంటుందో అడ్రసు, ఎవరి బాధ్యత, ఎప్పుడు తిరిగొస్తుంది. మొదటి వాయిదాకి జడ్జిగారు సెలవు, రెండోసారి అవతలి ప్లీడరు టైమ్ అడిగారు, పారిపోయే అవకాశం ఉందట. వారానికి రెండొందలు కట్టడానికి చేతులు జీడిరసంతో పొక్కిపోయిన మనిషి, చెరువు మీదుగా కనపడే కొండ అవతలికి పారిపోతుంది. ప్లీడరమ్మ గ్రూపు తీర్మానం జిరాక్స్ తీసి పిటిషన్‌కి కుట్టింది, ఊళ్ళో బాకీ ఉంది, కడుతోంది, ఈ మనిషికి ఇక్కడ వేళ్ళున్నాయి అని చూపించడానికి. ఆ ఆలోచన నాకు రాలేదు, బాకీ కూడా సాక్ష్యమే అవుతుందని.

మీ ఊళ్ళో ఎవరైనా ఆడమనిషి లోపల ఉంటే దయచేసి రెండు పనులు చెయ్యండి, ఒకటి రేషన్ కార్డులోంచి పేరు తీయించకుండా చూడండి, వార్డు మెంబరుకి చెప్పి ఉంచండి, తీసేశాక మళ్ళీ ఎక్కించడం ఎంత నరకమో చూశాను. రెండోది 15100కి ఫోన్ చేసి లీగల్ ఎయిడ్ ప్లీడరు పెట్టారా లేదా కనుక్కోండి, బెయిలొచ్చి వారం దాటినా మనిషి రాకపోతే అదే నెంబరుకి మళ్ళీ చెప్పండి, జైలువాళ్ళు కూడా ఆ సంగతి లీగల్ సర్వీసెస్ వాళ్ళకి తెలియజెయ్యాలి, 2023 జనవరి ఆర్డర్లోనే ఉంది. ములాఖత్ బుకింగ్ నా దగ్గరికొస్తే ఆడఖైదీలకి డబ్బులు తీసుకోను, అన్నయ్యకి చెప్పేశాను, వాడు గొణిగాడు, ఒప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం ఆర్డరొచ్చింది. మూడు రోజులు అనుమతి. వెళ్ళే ముందు ఇక్కడి స్టేషన్లో ఒక సంతకం, తిరిగొచ్చిన రోజు మళ్ళీ ఒక సంతకం. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి, మూడో రోజు సాయంత్రం ఐదు లోపల స్టేషన్లో ఉండాలి, అంటే అప్పగింతలకి ఉండదు.